దైజోబు అంటే బాగున్నట్టు కాదు

జపాను వాళ్ళకీ మన వాళ్ళకీ మధ్య నిలబడి మాటలు అందించడం నా మొదటి ఉద్యోగం. మన పిల్లలకి జపనీస్ నేర్పడం రెండోది. మొదటిది గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో, రెండోది బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరులో. నిరుడు అదీ మానేశాను. నా చోట చేరిన అమ్మాయి మొదటి వారం నుంచీ ఒకటే అడుగుతోంది, "మేడమ్, ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?" అని. ఏ పుస్తకం చెప్పాలో సెంటరు వాళ్ళే చెబుతారు. నేను మిగతాది రాస్తున్నాను.

ముందే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఈ పనిలో భయం పోతుందని ఎదురుచూడకండి. నాకు పోలేదు. అవతలి మనిషి మాట విని, దాన్ని తెలుగులో చెప్పే లోపల ప్రతిసారీ గుండె దడదడమనేది. ఆ దడ లేనివాళ్ళను కొందరిని చూశాను. హాయిగా మాట్లాడేవారు, హాయిగా తప్పులు చెప్పేవారు. అవి తప్పులని వాళ్ళకి ఎప్పటికీ తెలియలేదు.

పలకరింపులు

మాది పెదకాకాని. నాన్న హైస్కూలు టీచరు. డిగ్రీ అయ్యాక టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకోమని నన్ను మద్రాసులో పిన్ని ఇంటికి పంపారు. ఆ ఇన్‌స్టిట్యూటు పక్క గదిలో జపనీస్ క్లాసు జరిగేది. గోడ అవతలి నుంచి వినిపించే ఆ మాటలు మన తెలుగు మాటల్లాగే అచ్చులతో ముగిసేవి. నెల తిరక్కుండా టైపు మానేసి ఆ గదిలోకి మారాను. నాన్న కోప్పడ్డారు. దేనికి పనికొస్తుందని అడిగారు.

మాకు పుస్తకంలో మొదట నేర్పింది "ఒగెంకి దెస్ కా", మీరు ఎలా ఉన్నారు అని. తప్పు మాట కాదు. కానీ రోజూ కనిపించే మనిషిని అలా ఎవరూ అడగరు. మనం అడుగుతామా? పొద్దున్నే పక్కింటావిడ సంచీ పట్టుకుని ఎదురొస్తే "ఏం వదినా, బజారుకా" అంటాం. ఆమె "ఆఁ, బజారుకే" అంటుంది. ఇద్దరికీ కొత్తగా తెలిసిందేమీ లేదు, పలకరింపు మాత్రం అయిపోయింది. జపాను వాళ్ళు ఆ పని వాతావరణంతో చేస్తారు. "సముయ్ దెస్ నె", చలిగా ఉంది కదండీ. అవతలివాళ్ళు అదే మాట తిరిగి అంటారు. అంతే.

మొదటి రోజు క్లాసులో నేను అక్షరాలు రాయించేదాన్ని కాదు. మే నెలలో కరెంటు పోయిన గదిలో విసనకర్రలూ పుస్తకాలూ ఊపుకుంటూ కూర్చున్న వాళ్ళతో "అత్సుయ్ దెస్ నె", వేడిగా ఉంది కదండీ, అనిపించేదాన్ని. మొహం మీద చెమట ఉన్నప్పుడు నేర్చుకున్న మాట మరిచిపోరు.

ఘాటు

మిర్చి కంపెనీ యజమాని వెంకటేశ్వర్లు గారు. పెద్ద గొంతు, తొందర మనిషి. జపాను నుంచి మసాలాల కొనుగోలుదారు మోరి గారు సరుకు చూడటానికి వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు.

ఊరి బయట కల్లంలో కాయ ఎండబోసి ఉంది. వెంకటేశ్వర్లు గారు రంగు గురించి, కారం గురించి, కోల్డ్ స్టోరేజీ గురించి చెబుతున్నారు. నేను జపనీస్‌లో చెబుతుంటే మోరి గారు ప్రతి మాటకీ "హై, హై" అంటూ తల ఆడిస్తున్నారు.

"ఒప్పుకున్నట్టేగా?" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

"ఊ కొడుతున్నారండీ. వింటున్నానని."

ఆయనకి నచ్చలేదు. వచ్చే నెలకి లోడు పంపిస్తాం, సరేనా అని అడగమన్నారు. అడిగాను. మోరి గారు తల ఒక పక్కకి వంచి, పళ్ళ మధ్య నుంచి గాలి లోపలికి పీల్చి, "సా... చొత్తో..." అని ఆగిపోయారు.

"ఘాటెక్కింది పాపం. మంచినీళ్ళు తెప్పించు" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

కల్లంలో అందరి కళ్ళూ నీళ్ళు కారుతూనే ఉన్నాయి కాబట్టి ఆయన అలా అనుకోవడంలో తప్పు లేదు. నాకు మాత్రం అర్థమైంది. చొత్తో అంటే కొంచెం. కానీ వాక్యం పూర్తి చేయకుండా అలా వదిలేస్తే అది కొంచెం కాదు.

"అయ్యా, అది ఘాటు కాదండీ. కుదరదంటున్నారు."

"కొంచెం అన్నాడమ్మా. ఆ ముక్క నాకూ తెలుసు. కొంచెం టైము కావాలంటాడేమో."

"మనం ఇష్టం లేనప్పుడు 'చూద్దాం లెండి' అంటాం కదండీ. ఇదీ అదే."

ఆయన నా వైపు చూశారు. "చూద్దాం లెండి అని నేనంటే మళ్ళీ ఆ గడప తొక్కను."

"అదేనండీ."

"మరి ఎందుకు వద్దో అడుగు."

ఎందుకు అని సూటిగా అడిగితే మోరి గారు ఇంకా ముడుచుకుపోతారు. "దోకొ గా కి ని నరిమస్ కా" అన్నాను. ఎక్కడ మనసు పీకుతోంది, దేని గురించి ఆలోచిస్తున్నారు అని దాని భావం. మోరి గారు వంగి ఒక కాయ తీసి చేతిలో తిప్పుతున్నారు. వెంకటేశ్వర్లు గారు ఏదో అనబోతే చేయి అడ్డం పెట్టాను. యజమానికి చేయి అడ్డం పెట్టడం ఎంత పెద్ద విషయమో ఆ వయసులో నాకు బాగా తెలుసు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

మోరి గారు కల్లం చివరికి చూశారు. వట్టి నేల మీద ఎండబోసిన కాయలో ఒక కుక్క పడుకుని ఉంది. ఆయన కుక్క మాట ఎత్తలేదు. "ఎప్పుడూ ఇక్కడే ఎండబెడతారా?" అని మాత్రం అడిగారు.

తర్వాత పంటకి వెంకటేశ్వర్లు గారు కల్లమంతా టార్పాలిన్ పట్టాలు పరిపించి చుట్టూ కంచె కట్టించారు. మోరి గారి నుంచి చిన్న ఆర్డరు వచ్చింది. నేను చేయి అడ్డం పెట్టిన సంగతి వెంకటేశ్వర్లు గారు ఎప్పుడూ ఎత్తలేదు. తనకి నచ్చని మాట చెప్పేవాళ్ళను కూడా చివరిదాకా చెప్పనిచ్చే మనిషి ఆయన. అలాంటి యజమాని దొరికితే అక్కడే ఉండండి.

సెంటరు

వెంకటేశ్వర్లు గారు పోయాక కొడుకులు కంపెనీని వేరే వ్యాపారంలో కలిపేశారు. అప్పటికి మన నర్సింగ్ పిల్లలు జపాను వృద్ధాశ్రమాల్లో పనికి వెళ్ళడం మొదలైంది. బ్రాడీపేటలో సెంటరు నడిపే ప్రసాదరావు గారు నన్ను పిలిచారు. హాస్పిటల్ డ్యూటీలకి వెళ్ళాల్సిన పిల్లల కోసం ఉదయం ఏడింటికే బ్యాచ్.

ప్రసాదరావు గారు చెడ్డవారు కాదు. కానీ ఆయనకి పరీక్షే లోకం. పాసైన వాళ్ళ ఫోటోలు ఫ్లెక్సీ మీద వేయచ్చు, మాట్లాడటం వచ్చిందన్న సంగతి ఫ్లెక్సీ మీద వేయడానికి లేదు. ఆయన బాధ అది. నా బాధ వేరు. పరీక్షలో పాసైన పిల్లలు అక్కడ దిగాక, ఒక ముసలావిడ గొణిగిన మాట అర్థంకాక నిలబడిపోతారని నాకు భయం.

కరుణ ఆ బ్యాచ్‌లో చేరింది. సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. అమ్మానాన్నలు పత్తికీ మిరప కోతలకీ కూలికి వెళతారు. నర్సింగ్ చదివి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేసేది. చురుకైన పిల్ల. ఒకటే ఇబ్బంది, ఏమడిగినా "దైజోబు దెస్" అనేది. అర్థమైందా అంటే దైజోబు. నైట్ డ్యూటీ చేసి వచ్చావా, నిద్ర లేదా అంటే దైజోబు. ఒకరోజు మెట్ల మీద జారి మోకాలు చీరుకుపోయి, రక్తం కారుతుంటే కూడా అదే మాట.

దైజోబు అంటే పర్వాలేదు, బాగానే ఉంది అని పుస్తకం చెబుతుంది. నిజానికి ఆ మాట చాలా పనులు చేస్తుంది. కొట్లో సంచీ కావాలా అని అడిగితే దైజోబు అంటారు, అక్కర్లేదని. ముసలివాళ్ళు పడిపోయినప్పుడు దైజోబు అంటారు, నన్ను చూసి మీరు కంగారు పడకండని, ఒక్కోసారి నన్ను ఇలా చూడకండని. అందుకే క్లాసులో పదేపదే చెప్పేదాన్ని, ఆ మాట విన్నప్పుడు చెవిని నమ్మకండి, మొహం చూడండి అని.

ప్రసాదరావు గారు గుమ్మంలో నిలబడి విని, "మొహం చూసినందుకు పరీక్షలో మార్కులేయరు మేడమ్" అన్నారు.

కరుణ పరీక్ష పాసై వెళ్ళింది. ఉత్తరాన మంచు పడే ఒక చిన్న ఊరు. విమానం ఎక్కేటప్పుడు భయంగా ఉందా అని అడిగాను. "దైజోబు దెస్ మేడమ్" అంది. మొహం చూశాను. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

తిట్టని రోజు

అక్కడ కరుణ చూసుకునే వాళ్ళలో సతో అనే పెద్దావిడ ఒకరు. నోరు మంచిది కాదు. టీ చల్లారిందని, కర్టెన్ సరిగ్గా తీయలేదని, చెప్పుల జత తిరగేసి పెట్టిందని రోజూ ఏదో ఒకటి అనేది. మొదట్లో కరుణ ఫోన్‌లో ఏడ్చేది. తర్వాత ఆ తిట్లన్నీ నాకు అప్పజెప్పి అర్థాలు అడిగేది. పుస్తకాల్లో దొరకని జపనీస్ అంతా ఆ పిల్లకి ఆవిడ దగ్గరే వచ్చింది.

ఒక ఉదయం నేను క్లాసు మొదలుపెడుతుండగా కరుణ ఫోను. వాళ్ళకి అది పని మధ్యలో టీ విరామం. ఆ వేళ ఎప్పుడూ చేయదు. బయటి వసారాలోకి వచ్చి ఎత్తాను.

"మేడమ్, సతో గారు ఇవాళ నన్ను తిట్టలేదు."

మొదట నవ్వబోయాను. గొంతు విని ఆగాను.

"ఏమైంది కరుణా?"

"టీ తాగలేదు మేడమ్. కప్పు అట్టాగే ఉంది. ఏమైందండీ అంటే దైజోబు అంది. మెల్లిగా అంది. ఎప్పుడూ అట్టా అనదు. మా షిఫ్టు లీడర్‌కి చెప్పా. తనడిగినా దైజోబు అందంట. అందుకని పర్లేదులే, వేరే పని చూడు అంటోంది. నాకు భయంగా ఉంది మేడమ్. మెదడుకి సంబంధించిందేమో అని."

నర్సుగా ఆ పిల్లకి అనుమానం వచ్చింది. కానీ అక్కడ తను నర్సు కాదు, సంరక్షకురాలు. జబ్బు పేరు ఎత్తే హక్కు తనకి లేదు. ఎత్తితే, కొత్తగా వచ్చిన పిల్ల పెద్ద మాటలు మాట్లాడుతోందనుకుంటారు. అనుమానం సరైనదే కావచ్చు, దాన్ని చెప్పే వాక్యం దగ్గర లేదు.

"జబ్బు పేరు చెప్పకు" అన్నాను. "ఇత్సుమొ తొ చిగైమస్ అని చెప్పు. రోజూలాగా లేరు అని. తర్వాత నువ్వు చూసిందే చెప్పు. టీ తాగలేదు, మాట మెల్లగా ఉంది, నన్ను ఏమీ అనలేదు. అంతే. వాళ్ళ నర్సు ఉంటుందిగా, ఆమె ముందు చెప్పు."

"లీడర్‌కి కోపం వస్తే?"

వెళ్ళి ఆరు నెలలు కూడా కాని పిల్ల. పైవాళ్ళ మాటకి ఎదురు చెప్పమంటున్నాను, అదీ ఎదురు చెప్పడం అంటే పెద్ద తప్పయిన చోట. ఆవిడకి నిజంగా ఏమీ కాకపోతే? వట్టి నిద్రమత్తే అయితే?

"మళ్ళీ చెప్పు" అన్నాను. "మర్యాదగా మళ్ళీ అదే చెప్పు."

ఒక్కసారి ఆ వాక్యం నాకు అప్పజెప్పి ఫోను పెట్టేసింది.

ఎదురుచూపు

క్లాసులోకి వెళ్ళాను. ఏం చెప్పానో గుర్తులేదు. పిల్లలు రెండుసార్లు నన్ను దిద్దారు. మధ్యలో కరుణకి మెసేజ్ పెట్టాను, చూసినట్టు టిక్కులు పడలేదు.

బ్యాచ్ అయ్యాక ప్రసాదరావు గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మనం నేర్పేది భాష మేడమ్, వైద్యం కాదు. పిల్ల ఉద్యోగం పోతే వాళ్ళమ్మకి మీరు చెబుతారా, నేను చెప్పాలా?"

నాకు కోపం రాలేదు. అదే ప్రశ్న నన్నూ తింటోంది.

పదకొండు దాటాక మార్తమ్మ ఫోను చేసింది. కరుణ తల్లి. వెనక మిరప కోతల మనుషుల గొంతులు వినిపిస్తున్నాయి.

"మేడమ్ గారూ, పిల్ల రోజూ అన్నం వేళకి మెసేజీ పెట్టుద్ది. ఇయ్యాళ పెట్టలేదండి. చేస్తే ఎత్తట్లా. మీకేమన్నా చెప్పిందా అండీ?"

"పొద్దున మాట్లాడిందమ్మా. తన ఒంట్లో బాగానే ఉంది. అక్కడ పని ఎక్కువున్నట్టుంది."

"ఒట్టేనా?"

"ఒట్టే."

అబద్ధం చెప్పలేదు. అయినా అన్నంలో చెయ్యి పెట్టలేకపోయాను. ఎన్నో ఏళ్ళు ఇతరుల మాటలే నోట పెట్టుకుని మాట్లాడాను. వాటి ఫలితం వాళ్ళది. ఈసారి మాట నాది, పర్యవసానం ఆ పిల్లది. మీరు ఈ ఉద్యోగంలోకి వస్తే ఇలాంటి రోజు మీకూ వస్తుంది. దాన్ని తప్పించుకునే ఉపాయం నాకు తెలియదు.

రెండు కావస్తుండగా కరుణ చేసింది. డ్యూటీ దిగి బట్టలు మార్చుకునే గదిలో ఉంది.

మొదటిసారి చెబితే లీడర్ తల ఊపి వెళ్ళిపోయిందట. కరుణ ఆమె వెనకే నడిచి, నర్సు గది గుమ్మంలో మళ్ళీ అదే వాక్యం చెప్పింది. నర్సు రాస్తున్న పని ఆపి, "రోజూలాగా లేరంటే, ఎలా?" అని అడిగింది. "నన్ను తిట్టడం లేదండీ" అంది కరుణ. ఆ గదిలో ఎవరూ నవ్వలేదట. సతో గారి నోరు ఎంత పెద్దదో ఆ నర్సుకీ తెలుసు. లేచి వచ్చి ఆవిడని చేతులు పైకెత్తమంది. కుడి చెయ్యి లేవలేదు. అంబులెన్స్ వచ్చింది. మెదడులో రక్తం గడ్డ. సమయానికి తెచ్చారని డాక్టర్లు అన్నారట.

"లీడర్ ఏమంది?" అని అడిగాను.

"థాంక్స్ చెప్పింది మేడమ్. తర్వాత పక్కకి పిలిచి, ఇక్కడి వాళ్ళ సంగతులు బయటివాళ్ళతో ఫోన్‌లో మాట్లాడకూడదు, ఇంకోసారి చేస్తే పైకి రాస్తానంది."

లీడర్ చెప్పిందీ న్యాయమే. అదే కరుణకి చెప్పాను. అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. పర్వాలేదా అని అడిగితే, దైజోబు అనలేదు. "పర్లేదు కాదు మేడమ్, చాలా భయమేసింది" అంది. నేనూ అంతే అని చెప్పాను.

మర్నాడు ప్రసాదరావు గారు హుషారుగా వచ్చారు. కరుణ ఫోటో పెట్టి, మా విద్యార్థిని ప్రాణం కాపాడింది అని ఫ్లెక్సీ వేయిద్దామన్నారు. ఆ ఫ్లెక్సీ ఫోటో ఎవరైనా నెట్‌లో పెడితే కరుణ ఉద్యోగం ఆ రోజే పోతుందని చెప్పాను. ఒప్పుకోవడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ సెంటరు మలుపు తిరిగేటప్పుడల్లా ముందు గోడ మీదికే చూసేదాన్ని. ఆయన వేయలేదు. ఆ నెల నుంచి వారానికి ఒక పూట పుస్తకం పక్కన పెట్టి మాట్లాడించడానికి కూడా ఒప్పుకున్నారు.

ఒక ఆదివారం

సతో గారు ఆశ్రమానికి తిరిగి వచ్చారు. ఆవిడ కూతురు, యాభై దాటిన మనిషి, కరుణ తల్లికి కృతజ్ఞత చెప్పుకోవాలని ఆశ్రమం వాళ్ళను అడిగిందట. వాళ్ళు సరేనన్నారు. ఆదివారం చర్చి అయ్యాక మార్తమ్మ తెల్లచీరతోనే బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. నేను ఫోనును కుర్చీకి ఆనించి పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను.

తెర మీద కరుణ, పక్కన ఆ కూతురు. ఆమె తల బాగా కిందికి వంచి "ఒసెవా ని నత్తె ఒరిమస్" అంది. జపాను వాళ్ళు ఉత్తరాల్లో, ఫోన్లలో రోజుకి ఎన్నిసార్లు అంటారో ఆ మాట. అలవాటు మాట. ఆ రోజు ఆమె అలవాటుగా అనలేదు.

"మా అమ్మ మీ పిల్ల చేతుల్లో ఉంది, మీకు రుణపడి ఉన్నాం అంటోందమ్మా" అన్నాను.

"అట్టా అనొద్దని చెప్పండి. వాళ్ళమ్మ ఎట్టా ఉంది?"

మాట నెమ్మదిగా తిరుగుతోందని, పట్టుకుంటే నాలుగడుగులు వేస్తోందని ఆ కూతురు చెప్పింది. మార్తమ్మ విని, "మా పిల్ల సరిగ్గా తింటోందా అని అడగండి" అంది.

"అమ్మా, ఆమెనెందుకు అడుగుతావే? తింటున్నా" అంది కరుణ.

"నిన్నడగలా. ఆమెనడిగా."

మెత్తగా మార్చి చెప్పచ్చు. మొదటిసారి మాట్లాడే మనిషిని అలా అడగరు. కానీ ఆ తల్లి అడిగింది అదే కాబట్టి అదే అడిగాను. "చన్తొ తబెతె ఇమస్ కా."

ఆ కూతురు పక్కకి తిరిగి కరుణను చూసింది. కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత మా వైపు తిరిగి, "తింటున్నానని తను అంటోంది. నేను చూడలేదు. ఇక నుంచి చూస్తాను" అంది.

నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. మార్తమ్మ తల ఊపింది.

"తింటోందిలే అని ఊరికే అనేయలేదు. మంచి మనిషే" అంది నాతో. తర్వాత, "చూస్తే నాకు చెప్పాలిగా. తిన్నది అని వాళ్ళ భాషలో ఎట్టా అంటారండీ?"

"తబెతా."

"అది చాలు. అదొక్కటీ చెప్పమనండి."

ఇప్పుడు ఆ కూతురు తల్లిని చూడటానికి వచ్చిన ఆదివారమల్లా నా ఫోనుకి ఆమె నుంచి ఒక వాయిస్ మెసేజ్ వస్తుంది. దాంట్లో ఒకే మాట ఉంటుంది. నేను దాన్ని మార్తమ్మకి పంపుతాను. మొదటిసారి కింద తెలుగులో కూడా రాసి పంపితే, ఇక వద్దంది.

"ఎందుకండీ, నాకు తెలుస్తుందిగా" అంది.